యాపిల్ తోట తగువు

నాకు కుదురు లేదని మా అమ్మ రోజుకోసారైనా అంటుంది. నిజమే. కూర్చుంటే కాలు ఊపుతాను, నిలబడితే గోళ్ళు కొరుకుతాను, టీవీ చూస్తూ మధ్యలో లేచి ఫ్రిజ్ తలుపు తీసి ఊరికే చూసి మూసేస్తాను. అలాంటిదాని చేతికి ఇటుకంత లావు ఇంగ్లీషు నవల ఇచ్చి, మొత్తం చదివి రమ్మన్నారు. అంత పెద్ద శిక్ష నాకు అంతకుముందు ఎవరూ వేయలేదు.

ఇచ్చింది నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూలు ప్రిన్సిపాల్ మేడమ్. లెక్కల టీచరు ఉద్యోగానికని వెళ్ళాను. ఎమ్మెస్సీ ఉంది, బీఈడీ ఉంది. డెమో క్లాసులో బోర్డు మీద లెక్క చకచకా చేసేశాను. మొదటి బెంచీలో ఒక పిల్ల లేచి, ఆ స్టెప్పు ఎందుకు వేశారని ఇంగ్లీషులో అడిగింది. ప్రశ్న అర్థమైంది. జవాబూ తెలుసు. నోరే పెగల్లేదు. చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పదో తరగతి దాకా మా ఊళ్ళో తెలుగు మీడియం, ఆ పైన లెక్కలకి భాషతో పనేముందిలే అన్న ధీమా, రెండూ కలిసి ఆ రోజు నన్ను నిలువునా ముంచాయి. పిల్లలు నవ్వినా బాగుండేది. జాలిగా చూశారు.

మేడమ్ మాత్రం తిట్టలేదు. "సబ్జెక్టు బాగుందమ్మా, మాటే రావట్లేదు" అంటూ లైబ్రరీ బీరువాలోంచి అట్ట ఊడిన నవల ఒకటి తీసింది. "స్కూలు తెరిచేలోపు మళ్ళీ పిలుస్తాను. ఈ కథ నాకు ఇంగ్లీషులో ఆగకుండా చెప్పు. చెప్పగలిగితే ఉద్యోగం నీదే" అంది.

ఆ ఉద్యోగం నాకు కావాలి. సర్కారు నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందా అని ఇంట్లో కూర్చుని ఎదురుచూసి ఎదురుచూసి నాకు విసుగొచ్చింది. మా నాన్న మండలం రాజకీయాల్లో తిరిగే మనిషి. "దానికింత దిగులెందుకే, ఎమ్మెల్యేగారితో ఒక మాట చెప్పిస్తాలే" అంటాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరో నా గురించి మాట్లాడి తెచ్చే ఉద్యోగం నాకెందుకు? నేను నోరు తెరిస్తే రావాలి.

సరే, మొదలుపెట్టాను. మా బళ్ళో ఇంగ్లీషు చదువంటే ఒకటే పద్ధతి. ప్రతి మాట కింద పెన్సిల్‌తో తెలుగు అర్థం రాసుకోవాలి, దాన్ని బట్టీ కొట్టాలి. నవలకీ అదే పెట్టాను. ఫోన్‌లో డిక్షనరీ తెరవడం, మాట కొట్టడం, అర్థం రాయడం. పేజీలో తెల్ల కాగితం కనిపించకుండా పోయింది. కథలో తల్లీతండ్రీ లేని ఒక పిల్ల గుర్రబ్బండిలో మేనమామ ఊరు వస్తుంది. నేను వారం రోజులు చదివినా ఆ పిల్ల బండి దిగలేదు. ఒకరోజు పుస్తకాన్ని గోడకేసి కొట్టాను. మళ్ళీ నేనే వెళ్ళి తీసుకొచ్చి, ఊడిన కాగితాలు సర్దుకున్నాను.

అమ్మ అది చూసింది. "ఇంట్లో కూసొని పుస్తకాల మీద పెతాపం చూపించే బదులు కల్లం కాడికి పో. కూలోళ్ళకి నీళ్ళన్నా అందియ్యి. ఆడే చదువుకో" అంది.

అప్పుడు మా మిరపకాయలు కల్లంలో ఆరుతున్నాయి. ముప్పాళ్ళ రోడ్డు పక్కన మా చేలోనే నేల చదును చేసి పరదాలు పరిచారు. ఆడవాళ్ళ ముఠా ఒకటి వరసగా కూర్చుని, ముక్కులకు గుడ్డలు కట్టుకుని తాలుకాయ ఏరేస్తుంది. తాలంటే రంగు పోయి తెల్లబడిన కాయ. అది కలిస్తే మంచి కాయ విలువ కూడా పడిపోతుంది. ఆ ముఠాకి పెద్ద ఒక పెద్దమ్మ. నాకు చుట్టమేమీ కాదు, మా వీధిలో ఉంటుంది, ఊరందరికీ పెద్దమ్మే. ఆమె చెయ్యి కాయల మీద తిరుగుతూనే ఉంటుంది, నోరు మనుషుల మీద తిరుగుతూనే ఉంటుంది.

అక్కడ ఊరికే చూస్తూ కూర్చోవడం నా వల్ల కాక, నేనూ ఏరాను. ఏరిన చేత్తో ఫోన్ పట్టుకుని ఆ ఫోన్ చెంపకి ఆనించుకున్నాను. అయిపోయింది! చెంప, చెవి, ఆ పైన నలిపిన కన్ను, అన్నీ భగ్గుమన్నాయి. లబోదిబోమంటూ నీళ్ళడ్రమ్ము దగ్గరికి పరుగెత్తాను. ముఠా అంతా పడీపడీ నవ్వింది. దాంతో కల్లంలో ఫోన్ ముట్టుకోకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. ఫోన్‌తోపాటు డిక్షనరీ కూడా పోయింది.

ఇక మిగిలింది నేనూ, ఒళ్ళో నవలా. పేజీలు మోచేత్తో తిప్పుకునే నా అవస్థ చూసి పెద్దమ్మ అడిగింది.

"ఏందమ్మాయ్, అంత ఇదిగా చదువుతుండావు? ఏముందేంది ఆ పుస్తకంలో?"

"కథ పెద్దమ్మా."

"అయితే మాకూ చెప్పు. ఊరికే ఏరుతుంటే నిద్రొస్తాంది."

చెప్పాను. మేనమామకి పెద్ద యాపిల్ తోట ఉంది. ఆయన మంచాన పడితే ఆ పిల్లే తోట చూసుకుంటుంది. చలికి మొక్కలు చావకుండా కాపలా కాస్తుంది, పండు కోయిస్తుంది, సంతకు పంపుతుంది. తోట నీదేనమ్మా అని మేనమామ అందరిముందూ అంటాడు. కాగితం మాత్రం రాయడు. ఇదంతా ఏకబిగిన చెప్పానని కాదు. ఒక వాక్యం చదువుకుని ఒక మాట చెప్పేదాన్ని. తెలియని పదం తగిలితే బండరాయి తగిలినట్టు ఆగిపోయేదాన్ని.

"ఏందే ఆగావు?" పెద్దమ్మ కేకేసేది. "పిల్లని చెట్టెక్కించి నువ్వు యాడికి బోయావు?"

"ఒక మాటకి అర్థం తెలియట్లేదు పెద్దమ్మా."

"ఒక్క మాట తెలవకపోతే ఏం మునిగింది? ముందు దాన్ని చెట్టు దించు తల్లే!"

దించాను. ఏం చేస్తాను, దించకపోతే ఊరుకోరు. తెలియని మాట మీదుగా దూకి ముందుకి పోవడం అక్కడే అలవాటైంది. చిత్రం ఏంటంటే, వదిలేసి వచ్చిన మాట నాలుగు పేజీల తర్వాత మళ్ళీ ఎదురొచ్చేది, ఇంకో చోట ఇంకోసారి కనిపించేది, ఈలోపు అదేంటో నాకు తెలిసిపోయేది. 'రిలక్టంట్లీ' అనే మాట ప్రతి పేజీలోనూ ఉండేది. ఒక మధ్యాహ్నం వేపచెట్టు నీడలో కాస్త జరగమని ఒకామెను అడిగితే, ఆమె జరిగీ జరగనట్టు, మూతి ముడుచుకుని, జానెడు జరిగింది. ఓహో, రిలక్టంట్లీ అంటే ఇదా అనుకున్నాను. ఈ జన్మలో ఇక మర్చిపోను.

అయినా స్థిమితం లేదు. రాత్రి పడుకుంటే జూన్ గుర్తొచ్చేది. ఇంకా సగం పుస్తకం మిగిలే ఉంది. చదువుతుంటే అర్థమవుతోంది, కాని నోటికి వస్తుందా? పొద్దున్నే కల్లానికి నడుస్తూ, నిన్న పెద్దమ్మకు చెప్పిన ముక్కనే ఇంగ్లీషులో గొణుక్కునేదాన్ని. ఎదురుగా ట్రాక్టరొస్తే నోరు మూసుకునేదాన్ని. పిచ్చిపట్టిందనుకుంటారని భయం.

కథలో మేనమామ చచ్చిపోయాడు. లండన్ నించి ఆయన అన్న కొడుకు దిగాడు. పెద్దమనిషిలా టోపీ తీసి, తోట చట్టప్రకారం నాదన్నాడు.

పెద్దమ్మ చెయ్యి ఆగింది. ఆమె చెయ్యి ఆగడం నేను చూడటం అదే మొదటిసారి. "నాకు గూడా ఇట్టానే జేశారు" అంది.

ఆమె సంగతి మా వీధిలో అందరికీ తెలిసిందే, నాకే సరిగ్గా తెలియదు. భర్త పోయాక, కాలువ పక్క చేను ఆమెదేనని మామగారు నోటిమాటగా అన్నాడట. ఆయన కన్నుమూయగానే మరుదులు దున్నేసుకున్నారు. పెద్దమనుషుల్లో పెట్టారు. మా వైపు తగువు పెద్దమనుషుల దాకా వెళితే, రెండు పక్కలా మాట్లాడే మనిషంటూ ఒకరుండాలి. ఆడదైతే పుట్టింటి తరపునించి అన్నో తమ్ముడో లేచి నిలబడాలి. తన గోడు తనే చెప్పుకుంటానంటే వినరు. పెద్దమ్మకి ఒక తమ్ముడున్నాడు. అప్పుడు పంచాయతీ ఎలక్షన్లు. మరుదులూ ఆ తమ్ముడూ ఒకే పార్టీ. తమ్ముడు వచ్చాడు, కూర్చున్నాడు, తల దించుకుని గడ్డి పరకలు తెంపుకుంటూ అలాగే కూర్చున్నాడు. అంతే, చేను పోయింది.

"ఒక్క మాట, నా కొడుకు, ఒక్క మాటన్నా మాట్లాడలా" అంది పెద్దమ్మ. ముక్కుకి కట్టిన గుడ్డపైన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. పుస్తకంలో 'ఇన్‌డిగ్నెంట్' అనే మాటొకటి నన్ను వేధిస్తూ ఉండేది. డిక్షనరీలో అంతకుముందెప్పుడో కోపం అని చూశాను. ఉత్త కోపం కాదని, అన్యాయం మీద రగిలే కోపమని ఆ కళ్ళు చూశాక తెలిసింది.

ఏరడం అయిపోవచ్చింది. మర్నాడు ముఠా ఇంకో కల్లానికి వెళ్ళిపోతుంది. నవల మాత్రం పూర్తికాలేదు. "అట్టా సగంలో వదిలేసి బొమ్మంటావా?" అని అందరూ నా మీద పడ్డారు. చివరికి పెద్దమ్మే తేల్చింది. ఆ సాయంత్రం కాయల్ని టిక్కీల్లోకి తొక్కి మూతులు కుట్టేసిన తర్వాత, ఆ బస్తాల మీదే కూర్చుని లండన్ తగువుకి పంచాయితీ పెట్టారు. అన్న కొడుకు తరపున ఒకామె లేచింది. పిల్ల తరపున ఎవరు? ఆ ఇంట్లో వంటామె ఉంది, అన్నీ తన కళ్ళతో చూసిన మనిషి, ఆమె మాట్లాడుతుందన్నారు. వంటామెగా పెద్దమ్మే మాట్లాడింది. ఏం మాట్లాడిందనుకున్నారు! చెట్టు చెట్టుకీ లెక్క చెప్పింది. చివరికి తోట పిల్లదేనని తీర్పయింది. "వాడికి లండన్‌కి దారిఖర్చులిచ్చి పంపీండి" అని పెద్దమ్మ ముగించేసరికి నవ్వులతో కల్లం మారుమోగింది.

ముఠా వెళ్ళిపోయాక నాకు చదవబుద్ధి కాలేదు. ఎవరికి చెప్పాలని చదవడం? తెరుస్తాను, మూస్తాను. ఇంకా టైముందిగా అనుకుంటుండగానే మేడమ్ ఫోన్ చేసింది. ఇంకో టీచరు మానేసిందట, రేపే రమ్మంది. మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. బస్సులో మిగతాది చదువుదామంటే సీటే లేదు. ఒంటికాలి మీద నరసరావుపేట చేరాను.

"వెల్, టెల్ మీ ద స్టోరీ" అంది మేడమ్.

మొదలుపెట్టాను. బండి, తోట, మంచు, మేనమామ. ఒకచోట మాట దొరకలేదు, పక్కనించి దూకాను. అన్న కొడుకు దిగాడు. నేను చదివింది అక్కడికే. అక్కడ ఆపి, ఇంకా పూర్తి చేయలేదు మేడమ్ అనాల్సింది. నోరు ఆగలేదు. ఊరి పెద్దలు కూర్చున్నారు, వంటామె లేచింది, చెట్టు చెట్టుకీ లెక్క చెప్పింది, తోట పిల్లదేనని తీర్పిచ్చారు. అంతా ఇంగ్లీషులోనే చెప్పేశాను.

మేడమ్ కళ్ళజోడు తీసింది. ఇది ఏ పుస్తకంలో ఉందని అడిగింది. దొరికిపోయాను. ఆ పిల్ల ఎవర్నీ ఏమీ అడగదనీ, చివర్లో ఆ అన్న కొడుకునే పెళ్ళి చేసుకుని ఆ తోటలోనే ఉంటుందనీ, పుస్తకంలో ఉన్నది అదేననీ నిదానంగా చెప్పింది.

ఉద్యోగం పోయిందని అర్థమైంది. పోతే పోయింది, కాని ఆ మాటకి నాకు ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది. "బట్ మేడమ్, హూ స్పోక్ ఫర్ హర్?" అన్నాను. ఆ పిల్ల తరపున ఎవరు మాట్లాడారు? ఇంట్లో వంటామె ఉంది, తోటలో పనివాళ్ళున్నారు, చర్చిలో ఫాదరున్నాడు, ఒక్కరూ నోరెత్తలేదేం? ఆమె అతన్ని ప్రేమించిందమ్మా అంది మేడమ్. ప్రేమిస్తే ప్రేమించనీ, తోట ముందు ఆమె పేర రాసి ఆ తర్వాత పెళ్ళి చేసుకోమనండి అన్నాను. తను పెంచిన తోటలోకి తనే కోడలై రావాలా అని అడిగాను. గ్రామర్ ఎటు పోయిందో నాకు తెలియదు. బల్ల మీద చెయ్యి కూడా కొట్టాననుకుంటాను. ఐ యామ్ ఇన్‌డిగ్నెంట్ మేడమ్ అన్నాక గానీ ఊపిరి తీసుకోలేదు.

మేడమ్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. తర్వాత తెలుగులో, "స్కూలు తెరిచే రోజు ఎనిమిదింటికల్లా రా" అంది.

తిరుగు బస్సులో సీటు దొరికింది. ఉద్యోగం వచ్చినందుకు సంతోషపడాలా? పడలేకపోయాను. కాలు ఊపుకుంటూ చివరి పేజీలు చదివాను. మేడమ్ చెప్పిందే. పెళ్ళి, విందు, తోట గేటు మీద అతని పేరు.

మా ఊళ్ళో దిగేసరికి పెద్దమ్మ ఉపాధి పని నించి పార భుజాన వేసుకుని వస్తోంది. పుస్తకం చూసి ఆగింది.

"అయిపోయిందా అమ్మాయ్? ఏం జేశారు, తోట ఆ పిల్లకే ఇచ్చారా?"

అబద్ధం చెబుదామా అనిపించింది. ఆ మొహం చూసి చెప్పలేకపోయాను. "ఇవ్వలేదు పెద్దమ్మా. వాణ్ణే చేసుకుంది. తోట వాడిదే."

పార కిందికి దించింది. "ఆ పిల్లక్కూడా ఇయ్యలేదా" అంది. పారకి అంటిన మట్టి కాలితో తోసి, "అంటే దాని తరపున గూడా ఎవురూ మాట్లాడలేదన్నమాట" అంది.

నాకు ఏడుపొచ్చింది. "నేను మాట్లాడా పెద్దమ్మా. ఆ మేడమ్ ముందు నేనే మాట్లాడా."

పెద్దమ్మ నా మొహంలోకి చూసింది. "ఇంగిలీషులోనా?"

"ఇంగ్లీషులోనే."

"మజ్జలో ఆగలా?"

"ఆగలా" అన్నాను.