బొంత మీద వృక్షాసనం

పొద్దున చేసిన వెధవపనికి సాయంత్రమైనా సిగ్గు పోలేదు.

నడుం నొప్పికి యోగా చెయ్యమని డాక్టరు చెబితే, వారం నుంచి మా రైల్వే కాలనీ క్లబ్బు వరండాకి వెళుతున్నాను. ఆవిరి ఇంజన్ల వర్క్‌షాపులో నాతో పనిచేసే అప్పలనాయుడూ వస్తున్నాడు. కింద మెత్తగా ఉండాలని ఇవాళ ఇంట్లోని బొంత మోసుకెళ్ళాను. పక్కనే ఒక బెంగాలీ పెద్దావిడ, అంచులు రాలిపోయిన పల్చటి గడ్డిచాప పరుచుకుంది.

ఆవిడకి తెలుగు రాదనుకుని నాయుడితో గట్టిగానే అన్నాను.

"ఆ సాప సూడరా, పీనుగుని సుట్టడానిక్కూడా పనికిరాదు!"

కాసేపటికి వృక్షాసనం వచ్చింది. ఒంటికాలి మీద నిలబడగానే నున్నటి గచ్చు మీద బొంత జారింది. దబ్బున పడ్డాను. చెయ్యి పట్టుకుని లేపింది ఆవిడే.

"దెబ్బ తగిలిందేటి బాబూ? బొంత మీద కాలు ఆనదు. పల్సటి సాపయితేనే కదలదు," అంది.

అచ్చం మా అమ్మ మాట! ముప్పై ఏళ్ళుగా ఆవిడ పక్క క్వార్టర్లో ఉంటున్నది మన తెలుగువాళ్ళేనట.

"దీదీ, నేనిందాక..." అని నసిగాను.

"ఇన్నాను బాబూ. పీనుక్కి పనికిరాకపోతే పోనీ, ఆసనాలకి పనికొస్తాదిలే. రేపు నీకూ ఒకటి తెస్తాను."

బెంగాల్లో ఉన్నా వీధివీధినా తెలుగు వినిపించే ఈ ఖరగ్‌పూర్‌లోనే పుట్టి పెరిగి, ఇక్కడ తెలుగు అర్థం కానివాళ్ళు ఉంటారని ఎలా అనుకున్నానో! రేపు ఆ కొత్త చాప మీద ఏ మొహం పెట్టుకుని నిలబడాలో మీరైనా చెప్పండి.