టపా అక్కకు ఇచ్చిన మెమో

దొంగ ఉత్తరాన్ని గుర్తుపట్టి, నలభై మూడు మందిని దాని బారిన పడకుండా ఆపిన ఉద్యోగికి ఆమె కార్యాలయం మెమో ఇచ్చింది. ఆమెకు దక్కవలసిన పోస్టుకు ఆమె పనికిరాదని తేల్చింది. మెమో నకలు నా దగ్గర ఉంది.

ఆ ఉద్యోగి నా తమ్ముడి కూతురు. నీటి సరఫరా కార్యాలయంలో ఇరవై రెండేళ్లుగా టపా గుమాస్తా. అక్కడ ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా టపా అక్క అనే పిలుస్తారు. వచ్చిన ప్రతి ఉత్తరం నంబరునూ రిజిస్టరులో ఎక్కించడం ఆమె పని. ఉత్తరాలు కాగితం వదిలి కంప్యూటరులోకి వచ్చాక కూడా ఆమె రిజిస్టరు వదలలేదు. అందుకు నవ్వినవాళ్లున్నారు.

కిందటేడు కార్యాలయంవారు సైబర్ భద్రతా సిబ్బంది ప్రణాళిక ఒకటి తయారుచేశారు. అరవై నాలుగు పుటలు. ఎన్ని పోస్టులు, ఏ పోస్టుకు ఏ నైపుణ్యం, ఎవరికి ఎన్ని గంటల శిక్షణ, అన్నీ పట్టికల్లో ఉన్నాయి. ఆరో పోస్టు, మోసపు ఉత్తరాలను కనిపెట్టడం సిబ్బందికి నేర్పే శిక్షకుడిది. ఉన్నవాళ్లలోంచే ఎంపిక. టపా అక్క దరఖాస్తు పెట్టింది. పన్నెండు శిక్షణ తరగతులకూ హాజరైనది ఆమె ఒక్కతే. తక్కినవారు మొదటిరోజు టీ దాకా ఉన్నారు.

ఆ తరువాత భద్రతా విభాగం ఎవరికీ చెప్పకుండా పరీక్ష పెట్టింది. వెంటనే ఈ లింకు నొక్కి పాస్‌వర్డు మార్చుకోవాలంటూ, ప్రధాన కార్యాలయం పేరుతో అందరికీ ఒక నకిలీ ఉత్తరం పంపింది. నొక్కినవారికి మళ్లీ శిక్షణ ఇవ్వాలని ఉద్దేశం. ఉత్తరం మీద నంబరు 97. టపా అక్క రిజిస్టరు తీసింది. ప్రధాన కార్యాలయం నుంచి ముందురోజు వచ్చిన ఉత్తరం నంబరు 412. ఏడాది మధ్యలో ఆ నంబర్లు వెనక్కి నడవవు. అక్కడి టపా గుమాస్తాకు ఫోన్ చేస్తే, అలాంటిదేదీ పంపలేదన్నాడు. ఆమె లేచి మూడంతస్తులూ తిరిగింది.

"ఆ ఉత్తరం ముట్టుకోకు, దొంగది," అంది బిల్లుల గుమాస్తాతో. అతడూ ఆరో పోస్టుకు దరఖాస్తు పెట్టినవాడే.

"కొత్త పాస్‌వర్డు ఇస్తాడంట కదక్కా? నా పాతది ఎలాగూ మర్చిపోయా."

"అయితే దొంగకి నువ్వు చెప్పేదేం లేదులే. అయినా ముట్టుకోకు."

ఒక్కరూ నొక్కలేదు. సాయంత్రం భద్రతాధికారి ఆమెను పిలిపించాడు.

"పరీక్షంతా పాడుచేశారక్కా. ఇప్పుడు శిక్షణ ఎవరికివ్వాలో నాకెలా తెలుస్తుంది?"

"ఎవరూ మోసపోలేదుగా సార్."

"అదే వచ్చిన చిక్కు. పోనీ, మీరైనా దొంగ ఉత్తరం వచ్చిందని మాకు తెలిపే ఫిర్యాదు బటన్ నొక్కారా?"

"ఎక్కడుందది?"

"తెర మీద, కింద కుడిమూల."

"నా తెరకి కుడిమూల నల్లబడి ఎనిమిది నెలలైంది. మార్చమని మీకే మూడు ఉత్తరాలు రాశా. తేదీలు చెప్పనా?"

ఆయన తేదీలు అడగలేదు. మర్నాడు మెమో వచ్చింది. పరీక్షకు ఆటంకం కలిగించడం ఒక నేరం, బటన్ నొక్కకపోవడం రెండోది. పునఃశిక్షణ అవసరమైనవారి జాబితాలో ఒకే ఒక్క పేరు ఉంది. ఆరో పోస్టుకు బిల్లుల గుమాస్తాను సిఫారసు చేశారు. అతని అర్హత కింద, నకిలీ లింకు నొక్కలేదని రాశారు. బటన్ అతడూ నొక్కలేదు. ఆ సంగతి రాయలేదు.

"పోనీలే పెదనాన్నా," అంది నాతో. "కుర్రాడు మంచివాడే. ఎలా నేర్పాలో నన్నే అడుగుతున్నాడు, చెబుతున్నా."

"చెప్పేది నువ్వైతే ఆ కుర్చీ అతనికెందుకే?"

"అది వాళ్లనడుగు."

అడుగుతున్నాను. భద్రతాధికారిగారూ, ఎంపిక సంఘం సభ్యులారా, ఆ నియామకం నెలాఖరుకు ఖరారు చేయబోతున్నారు. ఈలోగా మెమో రద్దు చేయండి. ఆమె దరఖాస్తును మళ్లీ పరిశీలనకు తీసుకోండి. ఆ ఉత్తరాన్ని పట్టుకున్నది ఎవరో మీ నివేదికలో చేర్చండి. కుదరదంటే, ఎందుకు కుదరదో కాగితం మీద రాసి, కింద సంతకం చేసి ఇవ్వండి.