ఫ్లెక్సీల మిగిలిన చెయ్యి

ఇంకా ఒళ్లు మండుతనే ఉన్నది.

సినిమావాళ్ల ఫొటోలు తీసుడు నా పని. ఇయ్యాల మా మహబూబాబాద్‌ల బట్టల షాపు ఓపెనింగుకు ఒక హీరోయిన్ వస్తే, ఫొటోలకు నన్నే పిలిచిన్రు. ఆమె రిబ్బన్ కట్ చేసి బయటికొస్తుంటే, గేటు కాడ మల్లెపూలమ్మే అవ్వ ఆపి, తలల పూలు పెట్టింది. హీరోయిన్ తల వంచి నవ్వింది. బౌన్సర్లను తోసుకొని పోయి తీసిన ఆ ఫొటో.

సాయంత్రానికి సెంటర్ల ఫ్లెక్సీ లేసింది. ఫొటో నాదే, అవ్వ మాత్రం లేదు! ఆ జాగల షాపు ఓనర్ అల్లున్ని అతికించిన్రు. తొందరల అవ్వ చెయ్యి తీసుడు మర్చిపోయిన్రు. కూలింగ్ గ్లాసుల అల్లుడు, ఆకుపచ్చ గాజులేసుకున్న ముడతల చెయ్యితోటి హీరోయిన్‌కు పూలు పెడుతున్నడు!

ఫ్లెక్సీ ముందల్నే నిలబడి ఓనర్‌కు ఫోన్ చేసిన. "ఏందన్నా గిది? అవ్వ ఏది?"

"పూలమ్మే ముసలామె మొఖం ఎవరు సూస్తరు తమ్మీ?"

ఫోన్ పెట్టేసి తిరిగి సూస్తే, అవ్వ నా పక్కనే ఉన్నది. గంప సంకల పెట్టుకొని ఫ్లెక్సీనే సూస్తున్నది.

"నా చెయ్యి గాడనే ఉన్నది గద బిడ్డా. మరి నేనేడికి పోయిన?"

అసలు ఫొటో ఈ పోస్టు కింద పెడుతున్న. ముందుగాల ఎవరి మొఖం సూసిన్రో మీరే చెప్పున్రి.