పులివెందులలో ఒకాయన

అబ్దుల్ వాహిద్‌కు సొంత అభిప్రాయం అనేది లేదు. అరవై రెండేళ్ల మనిషి, ప్రొద్దుటూరులో పుట్టి పెరిగినవాడు. కుట్టుమిషన్ల రిపేరులో ఆయన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల ఎక్కడా లేడు. అయినా ఏ విషయం మీదైనా 'నాకు ఇట్లా అనిపిస్తోంది' అని ఆయన నోటితో అనగా విన్నవాళ్లు లేరు. ఏం చెప్పినా ఇంకెవరో అన్నట్టే చెబుతాడు. మే నెల మిట్టమధ్యాహ్నం, చొక్కా పిండితే చెంబెడు నీళ్లు కారేట్టు తడిసిపోయి నా టైలరు అంగట్లోకి వచ్చి, "ఎండ శానా ఉందని అంటాండారు నాగేంద్రా" అంటాడు.

టీ తెప్పిస్తే ఒక గుక్క తాగి, "చక్కెర ఎక్కువైందంటాండారు" అంటాడు.

"ఎవరంటాండారు భాయ్?"

"జనం."

"ఈడ మనిద్దరమే గదా ఉండేది."

"బయట అంటాండారు" అని మిగతా టీ తాగేస్తాడు.

ఒకసారి దవడ వాచిపోతే పళ్ల డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. డాక్టరు లోపలికి లైటు వేసి చూసి, "నొప్పి ఉందా?" అన్నాడు. వాహిద్ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "ఇంట్లోవాళ్లు ఉందంటాండారు సార్" అన్నాడు. డాక్టరు నా వైపు చూశాడు. "నిజమే సార్, పీకండి" అన్నాను. ఆయన తరఫున చెప్పడం మా వీధిలో అందరికీ అలవాటే.

ఆయన చెప్పే ఆ 'ఎవరో' ఎవరని మేం చాలా ఏళ్లు వెతికాం. దొరకలేదు. చివరికి వాళ్లకు 'వాహిద్ జనం' అని పేరు పెట్టుకుని ఊరుకున్నాం. జనాభా లెక్కలవాళ్లు వచ్చినప్పుడు వాళ్లను కూడా రాసుకోమని నేనే ఒకసారి చెప్పాను.

ఇట్లా నవ్వుకుంటూ ఉండగా మా అక్క కూతురు శిల్ప పాటలు విడుదల చేసింది. ఆ పిల్ల ప్రైవేటు బడిలో టీచరు. తనే రాస్తుంది, తనే బాణీ కడుతుంది, తనే పాడుతుంది. పెన్నలో ఇసుక మీద ఒకటి, చీనీ (బత్తాయి) తోట మీద ఒకటి, అట్లా ఎనిమిది పాటలు. వివేక్ అని తన స్నేహితుడు ఒక గదిలో గోడలకు పరుపులు కట్టి వాటిని రికార్డు చేశాడు. 'మెట్టపైరు' అని పేరు పెట్టి నెట్లో పెట్టారు.

నెల తిరిగేసరికి నూటపన్నెండు మంది విన్నట్టు లెక్క చూపించింది. అందులో ముప్పై మంది నేనే, పొద్దున్నే అంగడి తెరవగానే పెట్టేవాణ్ని. తక్కినవాళ్లలో శిల్ప ఎంతమందో నేను అడగలేదు. కింద అభిప్రాయాలు రెండు వచ్చాయి. ఒకటి దండం బొమ్మ. రెండోది, జమ్మలమడుగు రోడ్డులో ప్లాట్లు అమ్మబడును అని, ఫోను నంబరుతో సహా.

అప్పుడు మొదలుపెట్టాడు వాహిద్. ఆయన మంగళవారం జమ్మలమడుగు, గురువారం పులివెందుల తిరిగి మిషన్లు బాగుచేస్తాడు. శనివారం సాయంత్రం నా అంగట్లో కూర్చుంటాడు. శిల్ప కూడా బడి అయిపోయాక వస్తుంది. ఆ శనివారం వస్తూనే అన్నాడు.

"పాపా, జమ్మలమడుగులో షాహీదాబీ అని ఒకామె, ఆడపిల్లలకు కుట్టు నేర్పిస్తాది. నీ రెండో పాట ఆమెకు కోపం తెప్పించిందంట."

శిల్ప ఉలిక్కిపడింది. "ఏమంట మామా?"

"మంచి ఊపులో ఉండగా అయిపోయిందంట. అన్నానికి పిలిచి, ఇస్తరాకు వేసి, లేవమన్నట్టు ఉందంట. ఇంకొక చరణం ఉండాల్నంట."

శిల్ప బడి నోటుపుస్తకం తీసి రాసుకుంది. ఆ తర్వాత ప్రతి శనివారం ఇదే పని. జమ్మలమడుగులోనే పీర్ సాహెబ్ అనే టైలరు, ఇసుక పాటలో దొంగతనంగా తోలుకుపోయే ట్రాక్టర్లవాళ్ల పేర్లు ఎందుకు చెప్పలేదు, పిల్లకు భయమా అని అడిగాడట. వల్లూరు నుంచి వచ్చిన ఒకామెకు గొంతు నచ్చిందట గానీ, పాట మధ్యలో ఊపిరి పీల్చుకునే చప్పుడు వినిపిస్తోంది, ఉబ్బసమేమో చూపించుకోమని చెప్పిందట. పులివెందులలో చీనీ రైతు ఒకాయన, తోట పాటలో మోటారు సాయంత్రం వేశారు, మాకు సాయంత్రం కరెంటు ఎక్కడిది అని నిలదీశాడట.

ఇంకొకటి కూడా చెప్పాడు, ఐదో పాట గురించి. అది మొగుడూ పెళ్లామూ మాటలు మానుకున్న ఇంటి పాట.

'మాటలు లేవు మనింట్లో, రొట్టెలు మాత్రం ఉండాయి
మెత్తనిది నీ దిక్కే పెట్టినా, చూసుకో'

"పులివెందులలో ఒకాయన" అన్నాడు వాహిద్, మిషన్ నూనె మరకలున్న తన వేళ్లు చూసుకుంటూ. "నాలుగు నెలలుగా పెండ్లాంతో మాటల్లేవంట. ఈ పాట విని నేరుగా ఇంటికి పోయి మాట్లాడినాడంట."

ఆ రోజు శిల్ప ఏమీ రాసుకోలేదు. పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. ఇంటికి పోయి మూడు కొత్త పాటలు రాసిందని మా అక్క తర్వాత చెప్పింది.

ఇదంతా చెడగొట్టింది నేను. వివేక్‌కు బెంగుళూరులో ఉద్యోగం దొరికింది. నెలాఖరుకు గది ఖాళీ చేయాలి, ఈలోగా కొత్త పాటలు కూడా రికార్డు చేద్దామని ఫోన్ చేశాడు. శిల్ప మురిసిపోతూ నాతో అంది. "వినేవాళ్లు ఉండారు మామా. జమ్మలమడుగులో ఉండారు, పులివెందులలో ఉండారు."

నేను కత్తెర పక్కన పెట్టి, నవ్వుతూ, "వాహిద్ జనమా? వాళ్లుండేది యాడనో నీకు తెలీదా ఏంది?" అన్నాను. నా నోటికి టాకా వేసి కుట్టుకోవలసింది.

ఆ పిల్ల మొహం చూడలేకపోయాను. "అంటే ఒక్కరు కూడా వినల్యా మామా?" అని అడిగింది. నేను ఏదో సర్దబోయాను గానీ అప్పటికే వాహిద్ లోపలికి వచ్చాడు. శిల్ప ఆయన్నే అడిగేసింది.

"మామా, నిజం చెప్పు. నువ్వు చెప్పే మనుషులు ఉండారా?"

వాహిద్ గడ్డం నిమురుకున్నాడు. ఇట్లాంటప్పుడైనా గట్టిగా ఒక మాట అనవచ్చు గదా. అనలేదు. "ఉండారనే అంటాండారు పాపా" అన్నాడు.

శిల్ప లేచి వెళ్లిపోయింది. ఆ రాత్రికే వివేక్‌కు వద్దని చెప్పేసింది. నా పాటలు నేనే వినేదానికి పరుపులు కట్టాల్నా అందట. రాయడం కూడా మానేసింది. మా అక్క నాతో మాట్లాడడం మానేసింది. తప్పు నాది కాబట్టి, ఆ తర్వాతి బుధవారం బడికి సెలవు పెట్టించి శిల్పను జమ్మలమడుగు బస్సెక్కించాను. ఉంటే ఉన్నారు, లేకపోతే లేరు, కళ్లతో చూద్దాం పద అన్నాను. నిజం చెబితే, ఉంటారని నాకే నమ్మకం లేదు.

బస్టాండులో అడిగితే షాహీదాబీ ఇల్లు ఇట్టే చెప్పారు. ఆమె ఉంది. ఎనిమిది మిషన్లు, పదిమంది ఆడపిల్లలు కూడా ఉన్నారు. వాహిద్ పేరు ఎత్తగానే ఆమె చేతిలో గుడ్డ కింద పెట్టేసింది.

"ఆయప్ప పంపించినాడా? మిషన్లు బాగానే ఉండె నాయనా. చెడిపోనే లేదు. ఊరికే విప్పినాడు. విప్పి, ఎనిమిదింటి బాబిన్ కేసులూ తీసి జోబీలో వేసుకున్యాడు. పాటలు పెట్టి, అన్నీ విని ఎట్లుండాయో చెప్తేనే ఇస్తానన్యాడు. కుట్టేదానికి లేదు, లేచిపోయేదానికి లేదు. ఆయప్ప పెట్టినవన్నీ విన్యాం."

ఎంత మంచి మిషనైనా, అడుగున దారపు కండె పెట్టే ఆ చిన్న డబ్బీ లేకపోతే కుట్టు పడదు. ముప్పై ఏళ్లుగా ఆయన పని చూస్తున్నాను, ఈ ఉపాయం నాకు తట్టలేదు.

"పాటలు ఎట్లుండాయి?" అని శిల్ప మెల్లగా అడిగింది.

"బాగుండాయి గానీ ఆ రెండో పాట పాడిన పిల్ల కనపడితే నాలుగు తిట్టాల్నమ్మా. మొదలుపెట్టి మధ్యలో వదిలేసింది" అంటూ షాహీదాబీ ఆ పాట అందుకుంది. సగానికి వచ్చేసరికి పదిమంది ఆడపిల్లలూ గొంతు కలిపారు. శిల్ప గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయింది. ఆ పిల్ల ఇదేనని నేను చెప్పాక తిట్లూ పడ్డాయి, భోజనమూ పెట్టారు.

పీర్ సాహెబ్ కూడా ఉన్నాడు. ట్రాక్టర్లవాళ్ల పేర్లు ఆయనే ఒక కాగితం మీద రాసి ఇచ్చాడు. దాన్ని జాగ్రత్తగా చించి పారేసి, ముద్దనూరు మీదుగా పులివెందుల పోయాం. అక్కడ వాహిద్ దగ్గరే మిషన్ బాగుచేయించుకునే ముదస్సిర్ అని ప్యాంట్లు కుట్టే కుర్రాడు, కరెంటు సంగతి అడిగిన రైతు ఫోను నంబరు కూడా ఇచ్చాడు. ఆయనకూ బాబిన్ కేసు కథే, ప్యాంటు కోసం వచ్చి ఇరుక్కుపోయాడట.

"మరి ఐదో పాట విని ఇంటికి పోయి పెండ్లాంతో మాట్లాడినాయన ఎవరు?" అని అడిగింది శిల్ప.

ముదస్సిర్ తల అడ్డంగా ఊపాడు. "ఐదో పాట మాకు ఎప్పుడూ వినిపియ్యల్యా అక్కా. నాలుగు అయిపోతూనే ఫోన్ పట్టుకోని ఆరుకు దూకిస్తాడు. అది వస్తే చెయ్యి ఆడదని అంటాండారంట."

శిల్ప నా వైపు చూసింది, నేను శిల్ప వైపు చూశాను. తిరుగు బస్సెక్కాం.

ప్రొద్దుటూరులో దిగి నేరుగా వాహిద్ ఇంటికి పోయాం, ఇద్దరం క్షమాపణ అడుగుదామని. ఆయన లేడు, నమాజుకు పోయాడు. ఆయన భార్య దిల్షాద్‌బీ కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. మంచి గంధం రంగు చీర కట్టుకుంది. శిల్ప ఊరికే, "చీర బాగుంది అత్తా" అంది.

"ఈ చీరకు పెద్ద కథ ఉండాది తల్లీ" అని నవ్వింది ఆమె. "రంజాన్‌కు తెచ్చుకున్యా. ఎట్లుందని మీ మామను అడిగితే, 'పక్కింటోళ్లు బాగలేదంటాండారు' అన్యాడు. ఆ పక్కింటోళ్లు అప్పుడు ఊర్లోనే లేరు. నాకు ఒళ్లు మండింది. పోయి పక్కింటోళ్లతోనే కాపురం చెయ్ అన్యా. అంతే, మాటలు బంద్. నాలుగు నెలలు. రొట్టె చేసి పెడతా, తింటాడు, పోతాడు. ఒక గురువారం పులివెందుల నుంచి వచ్చినాడు. చెప్పులు కూడా విడవల్యా. నా ముందర నిలబడి, 'ఆ చీర బాగుంది. నేను చెప్తాండా. ఎవరూ అనల్యా' అన్యాడు. ముప్పై ఆరేండ్ల కాపురంలో ఆ మనిషి సొంతంగా చెప్పిన మాట ఇదొక్కటే నాగేంద్రా."

శిల్ప గ్లాసు కింద పెట్టి బయటికి పోయి వివేక్‌కు ఫోన్ చేసింది. "గది ఖాళీ చేసినావా?" అని అడిగింది. పరుపులు విప్పుతాండా అన్నాడట. "విప్పొద్దు" అంది.

ఆ ఆదివారమే రికార్డింగు పెట్టారు. నేనూ వాహిద్ ఆ పరుపుల గదిలో ఒక మూల నేల మీద కూర్చున్నాం. దగ్గవద్దు, కదలవద్దు అని వివేక్ ఆజ్ఞ. షాహీదాబీ కోసం రెండో పాటకు ఇంకో చరణం కలిసింది. చీనీ తోటలో మోటారు తెల్లవారుజామున వేశారు. తర్వాత కొత్త పాటలు మొదలయ్యాయి. మూడోది పాడుతుండగా వాహిద్ పిల్లిలా లేచి బయటికి పోయాడు. పాట అయిపోయి వివేక్ చెయ్యి ఎత్తాక తిరిగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. గడ్డం కొసన నీళ్లు కారుతున్నాయి.

శిల్ప చెవుల మీది హెడ్‌ఫోన్ తీసి ఆయన వైపు తిరిగింది. పులివెందులలో ఏం తెలుసుకున్నామో, దిల్షాద్‌బీ ఏం చెప్పిందో మేం ఆయనకు చెప్పలేదు. ఆ పిల్ల చెప్పవద్దంది.

"మామా, ఈ పాట పులివెందులాయనకు వినిపించి, ఎట్లుందో అడిగి చెప్తావా?" అంది.

వాహిద్ ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. భుజం మీది తువ్వాలుతో గడ్డం తుడుచుకున్నాడు.

"అడిగే పని లేదు పాపా" అన్నాడు. "ఆయన ఇప్పుడే బయట మొగం కడుక్కోని వచ్చినాడు."