బొల్లి కడుపులో దొరికిన కవర్లు

అది 2006. మొయినాబాద్ నుంచి చేవెళ్ల వెళ్లే రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఒక చిన్న పశువుల దవాఖానలో నేను డాక్టరుగా ఉన్నాను. రెండు గదులు, ముందు రేకుల షెడ్డు, దాని కింద ట్రెవిస్. ట్రెవిస్ అంటే పశువును కదలకుండా నిలబెట్టి కట్టడానికి ఇనుప గొట్టాలతో చేసిన చట్రం. నాతో పాటు అటెండర్ జంగయ్య ఒక్కడే ఉండేవాడు. జంగయ్యకు సర్వీసు నాకంటే ఎక్కువ, ఓపిక అంతకంటే ఎక్కువ. నాకు ముక్కు మీద కోపమని చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు.

గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు లేస్తున్న కొద్దీ మా వైపు పొలాలు ప్లాట్లవుతున్న రోజులవి. నిన్నటి దాకా జొన్న చేను ఉన్నచోట తెల్లవారేసరికి హద్దురాళ్లు కనిపించేవి. మేతకు చోటు తగ్గిపోయి ఊళ్లలోని బర్రెలు కొత్త వెంచర్ల ప్రహరీల వెంబడి తిరిగేవి. చెత్త పడేది కూడా ఆ ప్రహరీల పక్కనే.

యాదమ్మది సురంగల్. భర్త లేడు. ఉన్న కొద్దిపాటి భూమి ఎప్పుడో చేయి జారిపోయింది. మిగిలింది బొల్లి ఒక్కటే, నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న బర్రె. పొద్దున్నే దాని పాలు పితికి, దగ్గర్లోని వెంచర్‌లో నాలుగిళ్లకు పోసి బతికేది. ఆ ఏడాది వానాకాలంలో, బొల్లి ఐదు నెలల చూడితో ఉన్నప్పుడు, దాన్ని తోలుకుని దవాఖానకు వచ్చింది.

"సారూ, మూడొద్దుల సంది కుడితి ముడ్తలేదు. కడుపు సూడుర్రి, డప్పు లెక్క ఉబ్బింది."

"నెమరేస్తున్నదా?"

"ఏడ సారూ, ఊకె నిలవడి సూస్తున్నది."

కడుపులో గాలి చేరి ఉబ్బడాన్ని మేం టింపనీ అంటాం. గొట్టం వేసి గాలి తీశాను, అజీర్తికి మందిచ్చాను, తగ్గింది. రెండు రోజులకు మళ్లీ ఉబ్బింది. మళ్లీ అదే మందు. మూడోసారి తీసుకొచ్చినప్పుడు ఎడమ డొక్కలోకి పిడికిలి గట్టిగా నొక్కాను. పశువుకున్న నాలుగు కడుపుల్లో అన్నిటికన్నా పెద్దదైన రూమెన్ అక్కడే ఉంటుంది. అది చేతి కింద అలలాగా కదలాలి. కదలలేదు. పిండి ముద్దలో నొక్కినట్టు గుంట పడి అలాగే ఉండిపోయింది. పేడ చూద్దును కదా, అందులో నీలం రంగు కవరు పోగు ఒకటి వేలాడుతోంది. అప్పటికిగానీ నా బుర్ర వెలగలేదు. మొదటి రోజే చేయి పెట్టి సరిగ్గా చూడనందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

"యాదమ్మా, కడుపు కోసి తీయాలె."

"కోస్తె బతుకుతదా సారూ?"

"కోయకుంటె మాత్రం బతకదు."

"లోపట దూడున్నది గద."

"తెలుసు. అందుకే ఇంక ఒక్కరోజు గూడ ఆగొద్దంటున్న."

ఆమె బొల్లి చెవి పట్టుకుని నిమిరింది. తర్వాత, "నాకు ఇదొక్కటే దిక్కు సారూ. మీ చేతులల్ల పెడుతున్న," అంది.

రూమెన్ కోసి లోపలున్నది తీసే ఆపరేషన్ పేరు రూమెనాటమీ. పశువును పడుకోబెట్టనక్కర్లేదు. నిలబెట్టే, డొక్క దగ్గర తిమ్మిరి ఇంజెక్షన్లు ఇచ్చి కోస్తాం. తోలు, కండ, లోపలి పొర దాటాక రూమెన్ గోడను బయటి తోలుకు కుట్టి అప్పుడు తెరుస్తాం, లోపలి మురికి కడుపులో ఒలికిపోకుండా. యాదమ్మ తల దగ్గర నిలబడి బొల్లితో ఏదో చెబుతూనే ఉంది. నేను భుజం దాకా చేయి లోపలికి పెట్టాను. మేత తగలాల్సిన చోట మెత్తటి మూట తగిలింది. లాగితే ఒకటి వెంట ఒకటి, తాడులా అల్లుకుపోయిన కవర్లు రావడం మొదలుపెట్టాయి. కూరగాయల కవర్లు, బ్రెడ్డు కవర్లు, సూపర్‌మార్కెట్ పేర్లున్న సంచులు. కొన్నింటికి వేసిన ముడి వేసినట్టే ఉంది. లోపల అరటి తొక్కలు కుళ్లిపోయాయి తప్ప ముడి మాత్రం చెక్కుచెదరలేదు.

జంగయ్య పట్టుకున్న గోనెసంచి నిండింది. "ఇది బర్రె కడుపా, కుప్పతొట్టా సారూ?" అన్నాడు.

కుట్లు వేయడం పూర్తయ్యేసరికి నా ఒళ్లు మండిపోతోంది. ఆ సూపర్‌మార్కెట్ సంచులు ఎవరి ఇళ్ల నుంచి వచ్చాయో వేరే చెప్పాలా? యాదమ్మ ఎవరికి పాలు పోస్తోందో వాళ్లే ఆమె బర్రెను చంపుతున్నారు! కవర్లన్నీ కడిగించాను. మర్నాడు ఆదివారం, వెంచర్‌ వాళ్ల మీటింగ్ ఉందని తెలిసి ఆ సంచి బండి మీద పెట్టుకుని, సాక్ష్యానికి యాదమ్మను కూడా రమ్మన్నాను.

"జర నిమ్మళంగ మాట్లాడుర్రి సారూ," అన్నాడు జంగయ్య. నేను విన్నది ఎప్పుడు?

అక్కడ ఇరవై మంది దాకా ఉన్నారు. ఎక్కువ మంది కోస్తా వైపు నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు. నేను సంచి ఎత్తి వాళ్ల టైల్స్ మీద కుమ్మరించాను. ఒంటికాలి మీద లేచాను. చదువుకున్నారు, కంప్యూటర్లు నడుపుతారు, ఒక మూగజీవి గురించి ఆలోచించే తీరిక లేదా అని నోటికొచ్చింది అనేశాను.

ఒకాయన చిన్నబుచ్చుకుని, "మేం చెత్త విసిరెయ్యమండీ. శుభ్రంగా ముడేసే పెడతాం," అన్నాడు.

"ఆ ముడే దాని ప్రాణం మీదికి తెచ్చింది. లోపల తొక్క వాసన వస్తది, ముడి విప్పటానికి దానికి చేతులున్నయా? కవరుతోనే మింగుతది," అన్నాను.

యాదమ్మ పాలు పోసే ఇళ్లలో సుధారాణి గారిది ఒకటి. ఆవిడ తల దించుకుంది. "శుక్రవారం శుక్రవారం నేనే పెట్టేదాన్నండీ, చపాతీలూ తొక్కలూ. చేతికంటుతుందని కవర్లోనే పెట్టి గోడ మీద నుంచి అందించేదాన్ని. పుణ్యం అనుకున్నాను." అంతటితో ఊరుకోకుండా ముందుకొచ్చి గొంతుక్కూర్చుని ఆ కవర్లను వేరు చేయడం మొదలుపెట్టింది. ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడమే ఆవిడ ఉద్యోగమని నాకు తర్వాత తెలిసింది.

"ఇవి మావే. ఇవి కూరగాయల బండివి, అవీ మేం తెచ్చినవే. ఇవి మాత్రం మావి కాదండీ. ఏంటివి?"

ఆవిడ ముందు అరచేయంత కవర్లు చిన్న కుప్పగా ఉన్నాయి. మందంగా, పేరేమీ లేకుండా, ఒక మూల చింపి. పై అంచు మాత్రం నల్లగా వంకర్లు తిరిగి ఉంది.

నేను ఒకటి చేతిలోకి తీసుకున్నాను. యాదమ్మ మెడ చాచి చూసి మామూలుగా చెప్పింది: "అవి మన దవాఖానవి గద సారూ. మీరిచ్చే ఉప్పు మందువి."

పశువుకు లవణాలు తక్కువైతే మట్టి, గుడ్డలు, కాగితాలు ఏది పడితే అది తింటుంది. దాన్ని పైకా అంటాం. అది రాకుండా మేం మినరల్ మిక్చర్ ఇస్తాం, ఊళ్లో అందరూ ఉప్పు మందు అంటారు. మాకది పెద్ద బస్తాల్లో వచ్చేది. ఒక్క బర్రె ఉన్నవాళ్లకు కూడా అందాలని, మధ్యాహ్నాలు జంగయ్యా నేనూ కూర్చుని చిన్న కవర్లలో పోసేవాళ్లం. కవరు అంచును హాక్సా బ్లేడు మీద మడిచి కొవ్వొత్తి మంట మీద ఒక్కసారి లాగితే అతుక్కుపోతుంది. ఆ ఉపాయం నాదే. ఎవరొచ్చినా చూపించి మురిసిపోయేవాణ్ణి. కవర్లు తినకుండా ఉండటానికి ఇచ్చే మందును కవర్లో పెట్టి ఇస్తున్నానని నాకు ఒక్కనాడూ తట్టలేదు.

"మరి కవరు బర్రె కడుపులకు ఎట్ల పోయింది యాదమ్మా?" అన్నాను, గొంతు తగ్గించి.

"మీరే చెప్తిరి గద సారూ, చిటికెడు గూడ వేస్ట్ చేయొద్దని. కవరుకు అంటుకున్నది పోతదని, మందు కుడితిల కలిపినంక కవరు గూడ ఆ కుడితి గోలెంలనే ఏసేది. బొల్లి నాకుతది గదా అని."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. డాక్టరు చెప్పిన మాట తు.చ. తప్పకుండా పాటించానన్న నమ్మకం ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరో తిడితే తట్టుకోవచ్చు, ఆ నమ్మకాన్ని తట్టుకోవడం కష్టం.

"ఇవి మా దవాఖానవే. ఈ అంచులు నా చేత్తో కాల్చినవే," అన్నాను వాళ్లందరితో.

 సుధారాణి గారే, "మా కుప్పే పెద్దది లెండి డాక్టర్ గారూ. ముందు ఆ గేదెకెలా ఉందో చెప్పండి," అంది.

"ఇంకా నెమరు వేయలేదు," అన్నాను.

ఆపరేషన్ ఎంత బాగా చేసినా, పశువు నెమరు వేసేదాకా గెలిచినట్టు కాదు. మర్నాడు ఆరోగ్యంగా ఉన్న ఒక బర్రె రూమెన్ నుంచి గొట్టంతో నీళ్లు తీసి బొల్లికి తాగించాం. పాలల్లో తోడు వేసినట్టే, ఆ నీళ్లలోని సూక్ష్మజీవులతో కడుపు మళ్లీ పని మొదలుపెడుతుంది. ఆపరేషన్ అయిన నాలుగో రోజు పొద్దున యాదమ్మ కొట్టంలో తలకిందులుగా పెట్టిన బకెట్ మీద కూర్చుని దాని గొంతు వైపే చూస్తున్నాను. పది గంటలప్పుడు గొంతులో ఒక ముద్ద కింది నుంచి పైకి జరిగింది. దవడ ఒక పక్కకు కదిలింది. ఆగి, మళ్లీ కదిలింది.

"సారూ, నెమరేస్తున్నది!" అని యాదమ్మ దాని మెడ పట్టుకుని ఏడ్చేసింది. నేనూ కళ్లు తుడుచుకున్నాను. చెమట అని జంగయ్యకు చెప్పాను. వాడు నమ్మలేదు.

ఐదు నెలల తర్వాత బొల్లి ఈనింది, ఆడ దూడ. వెంచర్‌లో తొక్కలన్నీ కవరు లేకుండా బకెట్లలో వేసి యాదమ్మకే ఇవ్వడం మొదలుపెట్టారు. పాత సామాన్ల ఆయన, "అన్నం అంటిన కవరు ఎవ్వడు తీస్కోడమ్మా, కడిగి ఆరవెడితే తీస్కపోత," అంటే, సుధారాణి గారి పెరట్లో బట్టలతో పాటు కవర్లు కూడా దండెం ఎక్కాయి. కొన్నాళ్లకు కొన్ని ఇళ్లు మానేశాయి, కొన్ని కొనసాగించాయి. దవాఖానలో నేను కొవ్వొత్తి, బ్లేడు తీసేసి, డబ్బా తెస్తేనే మందు అని గోడ మీద రాయించాను. దానికి కొన్నాళ్లు తిట్లు కూడా తిన్నాను.

తర్వాత చాలా చోట్ల పనిచేశాను, చాలా కడుపులు కోశాను. కానీ వేలెత్తి చూపేముందు ఆగడం నాకు నేర్పింది ఆ చిన్న కుప్పే. మందు రాసిన ప్రతిసారీ ఇంకో ప్రశ్న కూడా వేసుకుంటాను, ఇది ఇంటికి వెళ్లాక వీళ్లు దీన్ని ఏం చేస్తారు అని. చెప్పినదాన్ని మనుషులు వినకపోవడం వల్లే నష్టమనుకునేవాణ్ణి. అచ్చం చెప్పినట్టే విన్నందువల్ల కూడా నష్టం జరుగుతుందని యాదమ్మ దగ్గరే తెలిసింది.

బొల్లికి ఆపరేషన్ అయిన ఏడాది చివర్లోనే ఆమె స్టీలు డబ్బా పట్టుకుని ఉప్పు మందు కోసం వచ్చింది. జంగయ్య మందు పోస్తుంటే, అయిపోయాక డబ్బాను ఏం చేస్తావని అడిగాను.

"ఏం జేస్త సారూ, నీళ్లు పోసి కడిగి ఆ నీళ్లు గోలెంల పోస్త," అని, మూత గట్టిగా నొక్కి, "చిటికెడు గూడ వేస్ట్ కానియ్య," అంది.