భయపడుతూనే వచ్చిన బోధకమ్మ

మా బోధకమ్మ కన్నుమూసినారు. మొన్న శనివారం పొద్దున దొరవారిసత్రం నుంచి వచ్చే పాలాయన మా వాకిట్లో సైకిలు ఆపి, దిగకుండానే ఆ మాట చెప్పినాడు. అప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు. ఆమె ప్రభువు దగ్గరికే పోయినారు, ఆ విషయంలో నాకు దిగులు లేదు. దిగులంతా ఇక్కడ మిగిలిన మా గురించే.

ఆమెను ఎరగని పాఠకుల కోసం చెబుతున్నాను. మా సరస్సు ఒడ్డు పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్ల మధ్య కూర్చుని వాక్యం చదివి, ప్రార్థన చేసి వచ్చేవారామె. చిన్న వయసులోనే భర్త పోయినాడు. పిల్లల్లేరు. బక్కపలచని మనిషి. కుక్కలంటే భయం, ఉరుమంటే భయం, పడవెక్కడమంటే మరీ భయం. వీధి మొదట్లో నిలబడి, "అమ్మణ్ణీ, కుక్క ఉండాదా?" అని కేకేసి, ఎవరో ఒకరు తోడు వస్తేగానీ అడుగు ముందుకు వేసేవారు కాదు. అయినా రావడం మాత్రం ఏనాడూ మానలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను ఈ ఊరికి కాపురానికి వచ్చినాను. మా ఆయన సున్నపు గుల్లలు తెచ్చే పడవ మీద పనిచేసేవాడు. ఆ ఏడు కార్తీకంలో ఒకరోజు, పడవలు పోయినాక గాలి తిరిగింది. మధ్యాహ్నానికి అవతలి ఒడ్డు కనపడకుండా వాన కమ్మింది. మా సంఘం ఆడవాళ్లమంతా ప్రార్థన పాకలో చేరినాము. అంతలో బోధకమ్మ నిలువునా తడిసి వచ్చినారు. పక్క ఊరికి పోతూ, పడవలు తిరిగి రాలేదని విని ఇటు మళ్లినారంట.

"ఏం కాదని చెప్పమ్మా," అని ఆమె చేయి పట్టుకున్నాను.

"ఏం కాదని నేనెట్ట చెప్పేది? నాకూ భయంగానే ఉండాది," అన్నారు. "రా, ఆయనకే చెప్పుకుందాం."

ఆమె ప్రార్థన చాలా చిన్నది. "ప్రభువా, మాకు భయంగా ఉండాది. మా మొగోళ్లు నీళ్ల మీద ఉండారు. చూసుకో." అంతే. తర్వాత తన సంచిలోని గ్రంథం నా ఒళ్లో పెట్టి కీర్తన చదవమన్నారు. నలుగురి ముందు నోరు తెరిచి ఎరగను నేను.

"నా గొంతు వణుకుతుందమ్మా."

"వణికితే వణకనీ. వీళ్లకి కావాల్సింది వాక్యం. నీ గొంతు ఎట్టుంటే ఏం?"

చదివినాను. ఎక్కడెక్కడో తడబడినాను. ఆగినచోటల్లా ఆమె "ఊఁ, బాగుండాది, చదువు" అంటూనే ఉన్నారు. వాన హోరులో వినపడక ఆడవాళ్లు ఒక్కొక్కరే నా దగ్గరికి జరిగినారు.

పొద్దు వాలేవేళకి మగవాళ్లు ఒడ్డు వెంబడి నడుచుకుంటూ వచ్చినారు. మా ఆయన ఉన్నాడు. ఎదురింటి చెంచమ్మ మొగుడు లేడు. పడవ తిరగబడినప్పుడు తాను పట్టుకున్న అతని చేయి జారిపోయిందని మా ఆయనే చెప్పినాడు.

నేను మా ఆయన చొక్కా పట్టుకుని ఏడుస్తూ దేవుడికి బిగ్గరగా స్తోత్రాలు చెబుతున్నాను. బోధకమ్మ నా భుజం మీద చేయి వేసినారు.

"మనసులో చెప్పుకో అమ్మణ్ణీ, ఆయనకి వినపడతాది. గట్టిగా చెబితే చెంచమ్మకి వినపడతాది. పద, ఆమె దగ్గరికి పోదాం."

"నేనా? నా మొగుడు తిరిగొచ్చినాడు. ఏ మొహం పెట్టుకుని పోయేది?"

"నాకూ తెలీదు. పోయి కూర్చుందాం."

పోయినాము. చెంచమ్మ మా సంఘం మనిషి కాదు. బోధకమ్మ ఆ ఇంట్లో గ్రంథం తెరవలేదు, ఒక్క ఉపదేశం చేయలేదు. పొయ్యి ముట్టించి గంజి కాచినారు. తడిసిన చెంచమ్మ చంటిబిడ్డ తల తుడిచినారు. చెంచమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుంది. చీకటి పడినాక తనే జరిగి వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుంది.

ఈమధ్య బోధకమ్మ మంచం పట్టినారని తెలిసి చూడబోయినాను. "అమ్మా, నేనివాళ నలుగురిలో నోరు విప్పి ప్రార్థన చేస్తున్నానంటే అది మీ చలవే," అన్నాను. ఆమె సిగ్గుపడి దుప్పటి సర్దుకున్నారు.

"చిట్టమూరులో మా పంతులమ్మ ఉండేది. మొగుడు పోయి నేను మూలన కూర్చుంటే, చెయ్యి పట్టి బయటికి తెచ్చిందామె. ఆమెకి ఈ మాట చెప్పాలని ఎంతో అనుకున్నా. చెప్పేలోపే పోయింది. నువ్వన్నా చెప్పినావు," అన్నారు. నా చేయి పట్టుకుని, "ఇక నేను తిరిగే ఇళ్లకి నువ్వు పోవాల," అన్నారు.

ఇప్పుడు సంఘపెద్దలూ అదే మాట అంటున్నారు. నాకు అన్నం సహించడం లేదు. ఏదో ఒక ఇంట్లో ఎవరో నా చేయి పట్టుకుని ఏం కాదని చెప్పమంటే ఏం చెప్పాలి? తెలీదు. అయినా వచ్చే వారం బయలుదేరుతున్నాను. ఇది చదివే మీరు కూడా, మిమ్మల్ని చేయి పట్టి నిలబెట్టినవాళ్లు బతికుంటే, పోయి ఆ మాట వాళ్ల చెవిన వేయండి.

ఆదివారం ఆమెను మా ఊళ్లోనే మట్టి చేసినాము. మాది ఇసుక నేల. గుంట తవ్వేకొద్దీ అంచులు జారి లోపలికి పడుతున్నాయి. పడమట మబ్బు లేస్తోంది. పాస్టరుగారు మబ్బు వైపూ పెట్టె వైపూ చూస్తున్నారు. అప్పుడు ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి చల్లినారు. గుంట చుట్టూ మోకాళ్ల మీద కూర్చుని, లోపలికి వంగి, తడి ఇసుకను అరచేతులతో అదిమి పట్టుకున్నారు. పెట్టె కిందికి దిగేదాకా ఒక్కరూ చేయి తీయలేదు. తాళ్లు పైకి లాగినాక వంగి చూసినాను. ఆమె చుట్టూ, ఆ ఇసుక గోడల నిండా, అరచేతుల ముద్రలు.