ఆళ్లగడ్డకు వెళ్లే కేకు గిన్నె

మాది బెజవాడ. ఎనభైల్లో ఒక డిసెంబరులో చంటివాణ్ణి ఎత్తుకుని నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సెక్కాను. పక్క సీట్లోని పెద్దావిడ ఒడిలో తువ్వాలు చుట్టిన పాత కేకు గిన్నె ఉంది. మిషన్ దొరసాని తన దేశం వెళ్లిపోతూ ఈవిడ అమ్మకిచ్చిందట. అంచంతా తుప్పు, అడుగంతా సొట్టలు. మావాడు ఆ అంచును నోట్లో పెట్టుకోబోతే వాడి చెయ్యి లాగేశాను.

"ఇంత తుప్పు పట్టిందేమిటండీ? పారేసి కొత్తది కొనుక్కోరాదా?" అన్నాను.

ఆవిడ మొహం మాడ్చుకుంది. "ఏందీ, పారేసేది? ఇసుకలో పెట్టి కాలిస్తే దీంట్లో పొంగినట్టు యాడా పొంగదు. ముందు నేను కేకు చేసుకుని, ఒక ముక్క దీంట్లోనే పెట్టి మా చెల్లెలికి ఇస్తా. క్రిస్మస్ పండగలోపల ఆమె చేసుకుని, తర్వాత ఎవురిచేతనన్నా తిప్పి పంపుతాది."

"చెల్లెలంటే అంత ప్రేమా?"

"ప్రేమ యాడిదమ్మా? పొలం కాడ కొట్లాడినాం. పోయినేడు గిన్నె తీసుకుని, మాట్లాడకుండా తలుపేసుకునె. ఈసారన్నా నోరు తెరుస్తాదేమో చూడాల."

మాటల్లేని ఇద్దరు ఆడవాళ్లు ఒక తుప్పు రేకును ఏటేటా బస్సులో తిప్పుతున్నారు. వీళ్లకన్నా నా చంటివాడు నయమనిపించింది.

ఆళ్లగడ్డ బస్టాండులో చెల్లెలు, అక్క ఏటా వచ్చే రోజు లెక్కేసుకుందేమో, ఎదురుచూస్తూ నిలబడి ఉంది. గిన్నె అందుకుని తువ్వాలు విప్పింది.

"ఎంత తుప్పు పట్టిచ్చినావక్కా, సిగ్గు లేదా నీకు?" అంది.

పెద్దావిడ మొహం విప్పారింది. అదే మాట నేనన్నప్పుడు మాత్రం మాడ్చుకుంది.